రాముడి పేరు పలక్కుండా రామకథ: మైన్‌క్రాఫ్ట్‌లో కట్టిన కంప్యూటర్లు

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆట లోపల కంప్యూటర్లు కడుతున్నారు. చూడ్డానికి కంప్యూటర్‌లా ఉండే బొమ్మలు కాదు, నిజంగా పనిచేసేవి. కూడతాయి, తీసేస్తాయి, గుర్తుపెట్టుకుంటాయి, ఇచ్చిన ప్రోగ్రామును వరసగా నడుపుతాయి. ఘనాలను ఇటుకల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయే ఆట అది. 2009లో మార్కస్ పెర్సన్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. 2010 జూలైలో అందులోకి రెడ్‌స్టోన్ అనే ఎర్రపొడి వచ్చింది. నేలమీద చల్లితే కరెంటు తీగలా పనిచేస్తుంది. తలుపులు తెరుచుకోడానికీ ఉచ్చులు పన్నడానికీ పనికొచ్చే పొడి. ఆ ఏడాది తిరక్కుండానే ఒక ఆటగాడు దాంతో 16 బిట్ల అంకగణిత విభాగం కట్టి వీడియో పెట్టాడు.

అప్పటినుంచి ఈ పని చాలా దూరం వచ్చింది. అయినా దాని గురించి వినపడే మాటలు రెండే. ఒకటి "అబ్బో!" రెండోది "పనీపాటా లేదా?" ఈ రెండూ తెలుగు చదువరులకు కొత్త కాదు. బంధకవిత్వం గురించీ, నిరోష్ఠ్య కావ్యాల గురించీ, ద్వ్యర్థి కావ్యాల గురించీ మనం తరతరాలుగా అంటున్నవి ఇవే. అయితే నోరెళ్లబెడతాం, లేకపోతే కసరత్తు అని కొట్టిపారేస్తాం. రెండు సందర్భాల్లోనూ చదవడం మాత్రం జరగదు.

ఈ ఆటలో కట్టిన కంప్యూటర్లను చిత్రకావ్యాల్లా చదవొచ్చని నా వాదన. అలా చదివితే, ఏది మంచి కట్టడం, ఏది ఉత్త గారడీ అని తేల్చడానికి ఒక కొలత కూడా దొరుకుతుంది. వేగం, పరిమాణం ఆ కొలత కావు.

*

ముందు సామగ్రి చూద్దాం. ఇక్కడ అసలు ఛందస్సు అదే.

రెడ్‌స్టోన్ పొడిలో ప్రవహించే సంకేతానికి 15 అనే బలం ఉంటుంది. ఒక్కో గడి దాటినప్పుడల్లా ఒకటి చొప్పున తగ్గిపోతుంది. పదిహేను గడులు దాటితే ఇంక ఏమీ మిగలదు. ఇది చదవగానే నాకు కాలవ చివరి భూములు గుర్తొస్తాయి. మా చందర్లపాడు, నందిగామ వైపు మెట్టప్రాంతంలో పుట్టినవాడికి దీన్ని వేరే వివరించక్కర్లేదు. తూము దగ్గర ఉన్న నీటి ఉరవడి చివరి పొలానికి చేరేసరికి ఉండదు. కృష్ణ పక్కనే పారుతున్నా చేను మెట్టమీద ఉంటే నీళ్లు తమంతట తాము ఎక్కిరావు, ఎత్తిపోసుకోవాలి. ఆటలో ఈ ఎత్తిపోతల పని చేసేది రిపీటర్ అనే చిన్న పలక. నీరసించిన సంకేతాన్ని మళ్లీ 15కి లేపుతుంది. కానీ ఊరికే లేపదు, కనీసం సెకనులో పదోవంతు కాలం తీసుకుంటుంది. అంటే ఈ లోకంలో దూరానికి ఒక ధర ఉంది, ఆ ధరని కాలంతో చెల్లించాలి.

రెండో వస్తువు రెడ్‌స్టోన్ టార్చ్, అంటే కాగడా. ఒక ఘనానికి తగిలించి పెడితే వెలుగుతూ ఉంటుంది. ఆ ఘనానికి కరెంటు వస్తే ఆరిపోతుంది. చెప్పినదానికి వ్యతిరేకం చేయడం దాని స్వభావం. ఆ ఘనంలోకి రెండు తీగలు తెచ్చి కలిపితే, రెండిట్లో ఏ ఒక్కదాంట్లో కరెంటు వచ్చినా కాగడా ఆరిపోతుంది. రెండిట్లోనూ లేనప్పుడే వెలుగుతుంది. "ఇదీ కాదు, అదీ కాదు" అనే ఈ మాటనే ఇంజినీరింగ్ పుస్తకాల్లో నార్ గేట్ అంటారు.

ఈ ఒక్క 'నార్' ఉంటే చాలు, తర్కంలో ఉన్న ఏ మాటైనా చెప్పొచ్చు. ఇది ఆటలోని చిట్కా కాదు. చంద్రుడి మీదికి మనిషిని తీసుకెళ్లిన అపోలో నౌకలోని కంప్యూటర్ తర్కభాగం మొత్తాన్ని నార్ గేట్లతోనే కట్టారు. ఆటగాళ్లకు ఎర్రపొడీ కాగడా దొరికాయంటే, ఆ నౌకలో కూర్చోబెట్టిన తర్కానికి కావలసినదంతా దొరికినట్టే.

*

ఇంత పేద భాషలో మాట్లాడటం ఎలా ఉంటుందో చెప్పడానికి మన దగ్గర ఒక కావ్యం ఉంది. మరింగంటి సింగరాచార్యులు రాసిన 'దశరథరాజనందన చరిత్ర'. అది నిరోష్ఠ్య కావ్యం. పెదవులు తగిలే అక్షరాలు వాడకూడదు. ప, ఫ, బ, భ, మ పనికిరావు. పెదవులు గుండ్రంగా తిరిగే అచ్చులూ కుదరవు. చెప్పాల్సిందేమో రామకథ. 'రామ'లో 'మ' ఉంది. నాయకుడి పేరే నిషిద్ధం! అప్పుడు కవి ఏం చేస్తాడు? పేరుతో కాకుండా సంబంధంతో పిలుస్తాడు. దశరథరాజుకి నందనుడు. ఆ శీర్షికని ఒకసారి బయటికి చదివి చూడండి, పెదవులు ఎక్కడా కలవవు.

ఇప్పుడు ఆటలోకి రండి. "రెండు మీటలూ నొక్కితేనే తలుపు తెరుచుకోవాలి" అని మీకు కావాలి. తర్కంలో ఇది చాలా మామూలు మాట, 'అండ్'. కానీ కాగడాల భాషలో 'అండ్' లేదు. ఆ పేరు పలకడం కుదరదు. కాబట్టి చుట్టుతిరిగి రావాలి. మొదటి మీటకు ఒక కాగడా: "మొదటిది లేదు". రెండో మీటకు ఒక కాగడా: "రెండోది లేదు". రెండిటినీ ఒకే తీగలో కలిపితే "ఏదో ఒకటి లేదు". దాని చివర మూడో కాగడా: "ఏ ఒక్కటీ లేకపోలేదు". అంటే రెండూ ఉన్నాయి. మూడు 'కాదు'లతో ఒక 'అవును' పుట్టింది.

డి మోర్గన్ సూత్రం అంటే ఇదే. ఇంజినీరింగ్ రెండో ఏడాది 'డిజిటల్ లాజిక్ డిజైన్' పరీక్షలో దీన్ని రెండు వరసల సమీకరణంగా రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఈ వ్యాసం చదివేవాళ్లలోనే బోలెడుమంది ఉంటారు. సమీకరణంగా అది ఒక సమానత్వం మాత్రమే, గుర్తుకి అటూ ఇటూ ఉన్నవి ఒకటే అంటుంది. కాగడాలతో కట్టినప్పుడు అది ఒక ప్రయాణం. అడ్డు వచ్చింది, పక్కదారి పట్టాం, ఆ దారిలో అసలు వస్తువు గురించి కొత్త సంగతి తెలిసింది. రాముణ్ని 'దశరథరాజనందనుడు' అనాల్సి వచ్చినప్పుడు, రామకథంతా తండ్రీ కొడుకుల మాట చుట్టూ తిరుగుతుందని శీర్షికే చెప్పేస్తుంది. 'రెండూ' అనడానికి 'ఏ ఒక్కటీ లేకపోలేదు' అనాల్సి వచ్చినప్పుడు, ఉనికీ లేమీ ఒకే తలుపుకి రెండు పక్కలని తెలుస్తుంది. నిర్బంధం విలువ ఇక్కడుంది. అది కష్టం పెట్టినందుకు కాదు, మామూలు దారిలో కనిపించనిది చూపించినందుకు.

*

ఈ కంప్యూటర్లు చూపించే రెండో సంగతి కాలం.

చిన్నప్పటి కూడికలు గుర్తున్నాయి కదా. ఎనిమిదీ ఏడూ పదిహేను, అయిదు వేసి ఒకటి చేతిలో పెట్టుకో. కంప్యూటర్ కూడా అంతే చేస్తుంది, కాకపోతే దానికి ఉన్నవి రెండే అంకెలు, 0, 1. మన ఫోన్లో ఆ 'చేతిలో ఒకటి' ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి వెళ్లడం ఎవరూ చూడలేరు. ఆటలో చూడొచ్చు.

ఎనిమిది బిట్ల కూడిక యంత్రం ఒకటి ఉందనుకోండి, ఫలితం చూపించడానికి ఎనిమిది దీపాలు. ఒక పక్క 255 పెట్టాం, రెండో పక్క సున్నా. ఎనిమిది దీపాలూ వెలుగుతుంటాయి. ఇప్పుడు రెండో పక్క సున్నాని ఒకటి చేయండి. కుడి చివరి దీపం ఆరుతుంది. తర్వాత దాని పక్కది. తర్వాత దాని పక్కది. అలా ఒక్కొక్కటీ ఆరుకుంటూ ఎడమ చివరిదాకా పోతుంది. ఒక్కో స్థానం దగ్గర రెండు కాగడాల ఆలస్యం అనుకున్నా, మొత్తం ఒకటిన్నర సెకను పైమాటే. ఈలోగా ఆ దీపాలు 254 అంటాయి, 252 అంటాయి, 248 అంటాయి. అన్నీ తప్పులే. నిజమైన జవాబు అన్నీ ఆరాక వస్తుంది, మిగిలిన ఆ ఒక్కటీ తొమ్మిదో స్థానంలోకి పోతుంది.

నిజం కంప్యూటర్లోనూ ఇలాంటిదే జరుగుతుంది, మనం చూడలేనంత వేగంగా. జవాబు కుదురుకునే లోపల తీగల మీద తప్పుడు విలువలు కదులుతూనే ఉంటాయి. వాటిని ఎవరూ చదవకుండా ఆపడానికే గడియారం ఉంది. కాలవల మీద వంతుల పద్ధతి లాంటిదది. వంతు రాకుండా తూము ఎత్తకూడదు, లస్కర్ వచ్చి ఎత్తేదాకా ఆగాలి. ప్రాసెసర్ కొనేటప్పుడు 'ఇన్ని గిగాహెర్ట్జ్' అని గొప్పగా చెప్పే సంఖ్య వెనక ఉన్నది ఈ ఆగడమే. అందరి లెక్కా తేలేదాకా ఎంతసేపు ఆగాలన్నదాన్ని బట్టే అంతకంటే వేగంగా పోవచ్చో లేదో తేలుతుంది.

కంప్యూటర్ అంటే ఒక చోటు అనీ, అందులో దూరాలుంటాయనీ, దూరం వెళ్లడానికి సేపు పడుతుందనీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మరిచిపోవడం చాలా తేలిక. మాకు కనిపించేది తెరమీది అక్షరాలే. ఈ ఆటలో జ్ఞాపకం అనేది ఒక గోడ, దాని వెంట నడవొచ్చు. కూడిక అనేది ఒక మెట్ల వరస. తీగ పొడుగైతే లెక్క ఆలస్యమవుతుంది, కాబట్టి కట్టేవాడు దేని పక్కన ఏది ఉండాలో ఆలోచించాలి. ఇల్లు కట్టుకునేవాడు వంటిల్లు ఎక్కడ, బావి ఎక్కడ అని ఆలోచించినట్టు. ఆటగాడు చాలా దూరం వెళ్లిపోతే ఆట ఆ ప్రాంతాన్ని నడపడం మానేస్తుంది, యంత్రం ఆగిపోతుంది. మనిషి దగ్గరుంటేనే లెక్కచేసే కంప్యూటర్!

*

నేను కూడా ఒక చిన్న యంత్రం కట్టాను. దాని గురించి చెప్పడం ఇక్కడ అవసరం, ఎందుకంటే ఛందస్సుకీ దీనికీ పోలిక అలంకారం కోసం తెచ్చింది కాదు.

గురువు అంటే 1, లఘువు అంటే 0. మూడు అక్షరాలు గుర్తుపెట్టుకునే మూడు గళ్లు. కొత్త అక్షరం వస్తే పాతవి ఒక గడి పక్కకి జరుగుతాయి, చివరిది పోతుంది. ఈ మూడు గళ్ల ముందు ఎనిమిది దీపాలు, వాటి పేర్లు య, మ, త, ర, జ, భ, న, స. మూడు గళ్లలో ఏ గణం ఉంటే ఆ దీపం వెలగాలి. ఇంజినీర్లు దీన్ని డీకోడర్ అంటారు.

ఎనిమిది గణాలనూ కాగడాల భాషలో చెప్పబోతే తెలిసిందేమిటంటే, అన్నిటికంటే తేలికైనది న గణం. మూడూ లఘువులే, అంటే మూడు తీగల్లో ఎక్కడా కరెంటు లేదు. ఒక్క కాగడాతో వచ్చేస్తుంది. మూడూ గురువులైన మ గణానికి మూడు తీగలనూ ముందు తిరగేసుకోవాలి. తిరగేయడానికి మూడు, దీపాలకు ఎనిమిది, మొత్తం పదకొండు కాగడాల పని. తీగలు ఒకదానికొకటి తగలకుండా లాక్కెళ్లడంలోనే శ్రమంతా.

కట్టాక పరీక్షించాలి. ఎనిమిది దీపాలూ ఒక్కొక్కసారి వెలిగేలా ఏ అక్షరాలు ఇవ్వాలి? ఒక్కో గణానికి మూడు చొప్పున ఇరవైనాలుగు ఇవ్వొచ్చు. కానీ స్కూల్లో నేర్చుకున్న 'యమాతారాజభానసలగం' ఉంది కదా, దాంట్లో పదే అక్షరాలు. అదే ఇచ్చాను. మూడో అక్షరం పడగానే య వెలిగింది. నాలుగో అక్షరానికి మ. తర్వాత త, ర, జ, భ, న, స. ఎనిమిది దీపాలూ, ఒక్కొక్కటీ సరిగ్గా ఒక్కసారి, పేర్ల వరసలోనే. మూడేసి అక్షరాల కిటికీ ఎనిమిది సార్లు జరగాలంటే పది అక్షరాలు కావాల్సిందే, ఇంతకంటే పొట్టి సూత్రం కుదరదు. గణితంలో ఇలాంటి వరసలకు డి బ్రూయిన్ అనే డచ్ గణితజ్ఞుడి పేరు పెట్టారు, ఆయన 1946లో వీటిమీద రాశాడు. మనం గణాల పేర్లు గుర్తుపెట్టుకోడానికి బట్టీపట్టిన మాట, డీకోడరుకి అతి క్లుప్తమైన పరీక్ష కూడా అన్నమాట.

అదే యంత్రం ఇంకో సంగతి చెప్పింది. ఏ అక్షరమూ ఇవ్వకముందే న గణం దీపం వెలిగి ఉంటుంది. గళ్లు ఖాళీగా ఉన్నాయి, ఖాళీ అంటే సున్నా, సున్నా అంటే లఘువు. పద్యం మొదలుకాని నిశ్శబ్దానికీ మూడు లఘువులకీ తేడా యంత్రానికి తెలీదు. ఆ తేడా తెలియాలంటే 'అక్షరం వచ్చింది' అని చెప్పే ఇంకో తీగ వేయాలి. చెవికి అది పుట్టుకతో తెలుసు. పద్యం వినేవాడికి ఎన్ని తీగలున్నాయో అప్పుడు తట్టింది నాకు.

*

మూడో సంగతి అర్థానికి సంబంధించింది. పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో ఒకే పద్యం ఒక విరుపుతో రామాయణం, ఇంకో విరుపుతో భారతం. అక్షరాలు మారవు, చదివే తీరు మారుతుంది. కంప్యూటర్ జ్ఞాపకం అంతా ఇలాంటి ద్వ్యర్థే. ఎనిమిది బిట్ల వరసలో రెండో దీపమూ చివరి దీపమూ మాత్రమే వెలుగుతున్నాయనుకోండి. లెక్కచేసే విభాగం చదివితే అది 65. తెరమీద చూపించే విభాగం చదివితే ఇంగ్లిష్ అక్షరమాలలో మొదటి పెద్దక్షరం. ప్రోగ్రామ్ నడిపే విభాగం చదివితే అది ఒక ఆజ్ఞ. దీపాలకు ఇదేమీ తెలీదు. ప్రోగ్రామునీ అది పనిచేయాల్సిన అంకెలనీ ఒకే జ్ఞాపకంలో, ఒకే లిపిలో పెట్టాలన్నది 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ నివేదికతో లోకానికి తెలిసిన ఆలోచన. మనం వాడే ప్రతి యంత్రం దానిమీదే నిలబడింది. పుస్తకంలో చదివితే ఇది 'అలాగా' అనిపిస్తుంది. గోడకి ఉన్న అవే దీపాల నుంచి మూడు తీగలు మూడు వైపులకి పోవడం చూస్తే, అర్థం దీపాల్లో లేదు, తీగ ఎటు పోతోందన్నదాంట్లో ఉంది అని కంటికి కనిపిస్తుంది.

*

ఇప్పుడు ఎదుటిపక్షం. చిత్రకావ్యం ముఖ్యమైన కావ్యమే కాదు, కావ్యానికి అనుకరణ మాత్రమే అని ఆనందవర్ధనుడు తేల్చేశాడు. ఆయన మాటని తేలిగ్గా తీసిపారేయలేం. పెదవులు తగలకుండా రాయడమే ఘనత అయినప్పుడు, చదివేవాడు కథ వదిలేసి పెదవులనే గమనిస్తూ కూర్చుంటాడు. మైన్‌క్రాఫ్ట్ కంప్యూటర్లకూ ఈ జబ్బు ఉంది. ఏ కట్టడం ఎంత పెద్దది, ఎన్ని ఘనాలు, ఎన్నాళ్లు పట్టింది అన్నవే శీర్షికల్లో కనిపిస్తాయి. కాబట్టి కొన్నిటిని విడివిడిగా చూడాలి.

శామీయూరి అనే పేరుతో కట్టే ఆటగాడు 2021లో 'చంగస్ 2' అనే ఎనిమిది బిట్ల ప్రాసెసర్ చూపించాడు. సెకనుకి ఒక్క అడుగు దాని వేగం. మన ఫోన్లు సెకనుకి వందల కోట్ల అడుగులు వేస్తాయి. అయినా దాంట్లో టెట్రిస్ నడుస్తుంది. ఇది మంచి కావ్యం అంటాను నేను. దాంట్లో ప్రతి భాగం ఎందుకు అక్కడుందో కారణం ఉంది, ఆ కారణాన్ని నడిచి తెలుసుకోవచ్చు. సెకనుకి ఒక్క అడుగు తెచ్చుకోడానికి తీగలు ఎలా మడిచాడో చూస్తే, నిర్బంధం రూపాన్ని ఎలా కంటుందో అర్థమవుతుంది.

2022లో అదే ఆటగాడు మైన్‌క్రాఫ్ట్ లోపలి కంప్యూటర్ మీద మైన్‌క్రాఫ్ట్‌నే నడిపించాడు. అడ్డం 96, నిలువు 64 చుక్కల తెర. ఇక్కడ నాకు సూరన రాసిన ఇంకో కావ్యం గుర్తొస్తుంది. 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి చెప్పే కథ, ఆ కావ్యంలోని పాత్రల బతుకుగా మారిపోతుంది. లోపలి కథ బయటి కథని మారుస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లో మైన్‌క్రాఫ్ట్ అలా చేయదు. లోపలి ఆట లోపలే ఉంటుంది, బయటి ఆట దాన్ని మోస్తుంది. ఐనా అందులో ఒక విమర్శ ఉంది. ఇంత చిన్న తెరమీద, ఇంత తక్కువ జ్ఞాపకంలో ఆ ఆటలోంచి ఏం ఉంచాలి, ఏం తీసేయాలి? తవ్వడం, పేర్చడం, వస్తువులు తయారుచేయడం ఉన్నాయి. ఇంకెన్నో పోయాయి. అది ఆటకి అతను రాసిన సంగ్రహం. సంగ్రహం రాసేవాడు మూలాన్ని బాగా చదివి ఉండాలి.

ఒక సంగతి ఉంది. ఈ పెద్ద కట్టడాలను మామూలు ఆటలో నడిపితే చూడ్డానికి ఓపిక చాలదు. అందుకని రెడ్‌స్టోన్ కోసమే రాసిన వేరే సర్వర్ మీద వేల రెట్లు వేగంగా నడుపుతారు. ఆ సర్వర్ కట్టడాన్ని చదివి, దానిలోని సంబంధాలను ఒక గ్రాఫుగా మార్చుకుని, లెక్కని ఆ గ్రాఫులో చేస్తుంది. అంటే ఆ వేగంలో ఎర్రపొడీ కాగడాలూ యంత్రం కావు, యంత్రానికి గీసిన పటం. దూరానికి కాలంతో ధర కట్టే లోకం అని మొదట చెప్పాను కదా, ఆ ధర ఇక్కడ మాఫీ అయిపోతుంది. కట్టడం నిజాయితీగలదే, మామూలు ఆటలోనూ అదే జవాబు ఇస్తుంది. కానీ మనిషి పక్కన నిలబడి చూసే అనుభవం పోయింది. అవధానం రికార్డింగుని వేగం పెంచి విన్నట్టుంటుంది.

ఈ దారి చివర 2025లో వచ్చిన 'క్రాఫ్ట్‌జీపీటీ' ఉంది, అదీ శామీయూరిదే. యాభై లక్షలకు పైగా పారామీటర్లున్న భాషా నమూనాని రెడ్‌స్టోన్‌తో కట్టాడు. మీరు ఇంగ్లిష్‌లో ఒక మాట అంటే అది బదులిస్తుంది. నలభై వేల రెట్లు వేగం పెంచిన సర్వర్ మీద కూడా ఒక జవాబుకి దాదాపు రెండు గంటలు. మామూలు వేగంతో అయితే తొమ్మిదేళ్లకు పైగా పడుతుందని లెక్క తేలుతుంది. అందరూ "అబ్బో!" అన్నది దీన్ని చూసే.

దీన్ని ఎలా చదవాలి? మెచ్చుకోవాల్సింది ఒకటి ఖాయంగా ఉంది. మాట్లాడే యంత్రంలో మంత్రం ఏమీ లేదు, గుణకారాలూ కూడికలూ ఉన్నాయని ఇంత కచ్చితంగా చూపించిన బొమ్మ ఇంకోటి లేదు. కాగడాలతో ఆగి, తీగలతో నడిచే మాట. కానీ ఆ యాభై లక్షల అంకెలు ఆటలో పుట్టలేదు. బయట శిక్షణ ఇచ్చి, తెచ్చి లోపల పెట్టారు. ఏ అంకె ఎందుకు అంత ఉందో కట్టినవాడు కూడా చెప్పలేడు. 'చంగస్ 2'లో ఏ కాగడా దగ్గర ఆగి "నువ్వెందుకు ఇక్కడున్నావు?" అని అడిగినా జవాబు ఉంది. క్రాఫ్ట్‌జీపీటీలో గుణించే యంత్రాల దగ్గర జవాబు ఉంది, గుణించబడే అంకెల దగ్గర లేదు. ఆ మేరకు అది చదవలేని కావ్యం. నేను మొదట అన్న కొలత ఇదే: కట్టడంలో ఎక్కడ వేలుపెట్టినా "ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు దొరకాలి. పద్యానికీ ఇదే కొలత. బంధంలో అక్షరం పడాలి కాబట్టి ఈ మాట వేశానని కవి అంటే అది గారడీ. బంధం అడిగింది, అర్థమూ అడిగింది, రెండూ ఒకే మాట దగ్గర కలిశాయి అంటే అది కవిత్వం.

ఈ కొలతతో చూస్తే నాకు నచ్చే రచనలు పెద్దవి కాదు. మట్‌బ్యాట్‌వింగ్స్ అనే పేరుతో ఒక ఆటగాడు పాఠాల వరస చేశాడు. మొదటి కాగడా నుంచి మొదలుపెట్టి కంప్యూటర్ దాకా తీసుకెళ్తాడు. ఆట బయట ఇలాంటి పనే చేసిన పుస్తకం నోమ్ నిసాన్, షిమోన్ షోకెన్ 2005లో తెచ్చిన 'ది ఎలిమెంట్స్ ఆఫ్ కంప్యూటింగ్ సిస్టమ్స్'. ఒక్క 'నాండ్' గేటు ఇచ్చి, దాంతో మొత్తం కంప్యూటర్ మీచేతే కట్టిస్తుంది. ఇవి అబ్బురపరచవు. పక్కన కూర్చుని చెప్తాయి.

*

ఇదంతా ఆట గొడవే అయితే ఇంత రాయక్కర్లేదు. మన దగ్గర కంప్యూటర్ అంటే ఉద్యోగం. ఇంకాస్త ముందుకెళ్తే వీసా. జిల్లాజిల్లాకీ ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి, వేలమంది కంప్యూటర్ సైన్స్ చదివాం. అందులో ఒక్క కూడిక యంత్రాన్ని సొంతంగా కట్టి, 'చేతిలో ఒకటి' నడిచిపోవడం కళ్లతో చూసినవాళ్లు ఎంతమంది? సత్యపట్టికలు నింపాం, కార్నో మ్యాపుల్లో గుండ్రాలు చుట్టాం, మర్చిపోయాం. హైదరాబాదు ఎప్పుడూ ఇలాగే లేదు. అయ్యగారి సాంబశివరావు నడిపించిన ఈసీఐఎల్ 1967లో మొదలైంది. 1969లో టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్‌ని బయటికి తెచ్చింది. నార్ గేట్ల కంప్యూటర్‌తో అపోలో చంద్రుడి మీద దిగిన ఏడాదే అది. ఇతరుల యంత్రాలకి ప్రోగ్రాములు రాసే ఊరుగా పేరు పడకముందే అది యంత్రాలు కట్టిన ఊరు.

ఇప్పుడు ప్రోగ్రాములు రాయడం కూడా చేతిలోంచి జారుతోంది. రాసిపెట్టే నమూనాలు వచ్చాయి, మేం చూసి సరే అంటున్నాం. పూర్తిగా చదవకుండా సరే అనడం అలవాటైతే, "ఎందుకు" అని అడిగినప్పుడు జవాబు ఉన్న వస్తువు ఎలా ఉంటుందో కూడా మర్చిపోతాం. మొదలు నుంచి చివరిదాకా ఒక మనిషి తలలో పట్టే కంప్యూటర్ ఎంత నిదానమైనదైనా, ఎంత పనికిరానిదైనా, దాని విలువ అక్కడ ఉంది. పనికిరాకపోవడం వల్లే దాన్ని అర్థం చేసుకోవడం తప్ప దాంతో చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఎవరైనా మొదలుపెడదాం అనుకుంటే ప్రాసెసర్ జోలికి పోకండి. ఎనిమిది బిట్ల కూడిక ఒకటి కట్టండి, 255 పెట్టండి, ఒకటి కలపండి. దీపాలు కుడినుంచి ఎడమకి ఆరుకుంటూ పోవడానికి రెండు సెకన్లు పడుతుంది. వేగం పెంచకుండా చూడండి.